పెన్షన్, పన్ను, ఇంటద్దె సాయం – మూడో పాఠం: పన్ను పోగా లెక్కకొచ్చేది ఎంత?

ముందు గత పాఠం అభ్యాసానికి జవాబు. పొదుపు 13,750 పౌండ్లు ఉన్నవారికి, అద్దె సాయం లెక్కలో, బ్రిటన్‌లోని స్థానిక కౌన్సిల్ ఆ డబ్బు మీద వారానికి ఎంత ఆదాయం వస్తున్నట్టు లెక్కగడుతుందని అడిగాం. మొదటి 10,000 వదిలేస్తే మిగిలింది 3,750. ప్రతి 500కు, అందులో ఏ కొద్ది భాగానికైనా సరే, ఒక పౌండు. 3,750ని 500తో భాగిస్తే ఏడున్నర. కాబట్టి జవాబు 8 పౌండ్లు. ఏడున్నర అని రాసినవాళ్లు "ఏ కొద్ది భాగానికైనా" అన్న మాట దగ్గర మళ్లీ ఆగండి. ఈ చట్టంలో అంకెలకంటే ఇలాంటి చిన్న మాటలే ఎక్కువ డబ్బు తింటాయి.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వచ్చాం. బ్రిటన్‌లో పెన్షన్ వయసు దాటినవాళ్లకు అద్దె సాయం, అంటే హౌసింగ్ బెనిఫిట్, స్థానిక కౌన్సిల్ ఇస్తుంది. పెన్షన్ మీద పన్ను వసూలు చేసేది హెచ్ఎంఆర్‌సీ. స్టేట్ పెన్షన్ (ప్రభుత్వ వృద్ధాప్య పెన్షన్), పెన్షన్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్న పెద్దలకు ఇచ్చే అదనపు సాయం) ఇచ్చేది డీడబ్ల్యూపీ అనే ప్రభుత్వ శాఖ. మూడు కార్యాలయాలు, ఒకే మనిషి డబ్బు. ఒకరి లెక్కలో ఉన్నది ఇంకొకరి లెక్కలోకి సరిగ్గా చేరిందో లేదో చూసుకునే పని మాత్రం ఆ మనిషిదే. ఆ చూసుకోవడమే ఈ పాఠం నేర్పే పని.

అంకెలన్నీ 2025 ఏప్రిల్‌తో మొదలైన ఆర్థిక సంవత్సరానివి. ప్రతి ఏప్రిల్‌లో రేట్లు మారతాయి, లెక్క కట్టే దారి మారదు.

రెండు వేర్వేరు ప్రశ్నలు

"నా పెన్షన్ మీద పన్ను పడుతుందా?" అన్నది ఒక ప్రశ్న. "నా పెన్షన్‌ని కౌన్సిల్ ఆదాయంగా లెక్కేస్తుందా?" అన్నది వేరే ప్రశ్న. రెంటికీ ఒకే జవాబు అనుకోవడం వల్లనే సగం తప్పులు పుడతాయి.

స్టేట్ పెన్షన్ మీద పన్ను పడుతుంది, కౌన్సిల్ కూడా లెక్కేస్తుంది. కంపెనీ పెన్షన్, ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) పెన్షన్, బీమా కంపెనీ దగ్గర కొన్న యాన్యుటీ (ఏకమొత్తం కడితే క్రమంగా వచ్చే ఆదాయం) కూడా అంతే. అటెండెన్స్ అలవెన్స్ (అనారోగ్యం వల్ల ఇతరుల సాయం అవసరమైన పెద్దలకు ఇచ్చే భత్యం) మీద పన్ను లేదు, కౌన్సిల్ కూడా దాన్ని ముట్టుకోదు. ఇక్కడిదాకా రెండు జవాబులూ కలిశాయి కాబట్టి జనం భ్రమపడతారు. ఇక్కడి నుంచి విడిపోతాయి. పెన్షన్ కుండలోంచి (పెన్షన్ కోసం కూడబెట్టిన నిధిలోంచి) పన్ను లేకుండా తీసుకునే 25 శాతం ఏకమొత్తం ఉంది. దాని మీద పన్ను లేదు, కానీ బ్యాంకులో పడగానే అది పొదుపు. 10,000 దాటితే పైన చెప్పిన పౌండ్ల లెక్క మొదలవుతుంది, 16,000 దాటితే, కింద చెప్పే గ్యారంటీ పెన్షన్ క్రెడిట్ లేనివారికి, హౌసింగ్ బెనిఫిట్ మొత్తం ఆగిపోతుంది. పెన్షన్ వయసు దాటాక కూడా కుండని కదపకుండా ఉంచేస్తే పన్ను ఒక్క పెన్నీ లేదు. కానీ ఆ కుండతో యాన్యుటీ కొని ఉంటే ఎంత వచ్చేదో అంత ఆదాయం ఉన్నట్టే కౌన్సిల్ లెక్కేస్తుంది. "నేను తీసుకోలేదుగా" అన్న వాదన ఇక్కడ చెల్లదు.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే సంగతి ఒకటి. ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ ప్రభుత్వంలో చేసి రిటైరై ఆ పెన్షన్ తీసుకుంటూ బ్రిటన్‌లో స్థిరపడినవారు ఉన్నారు. భారత్–బ్రిటన్ పన్ను ఒప్పందం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగం పెన్షన్ మీద పన్ను వేసే హక్కు భారత్‌దే. ఆ మనిషి బ్రిటన్ నివాసి, పైగా బ్రిటిష్ పౌరుడు అయితే ఆ హక్కు బ్రిటన్‌కి వెళుతుంది. ప్రైవేటు కంపెనీ పెన్షన్ అయితే నివాసం ఉన్న దేశానిదే హక్కు. ఇదంతా పన్ను సంగతి. కౌన్సిల్‌కి ఈ ఒప్పందంతో పనిలేదు. రూపాయల్లో వచ్చినా, ఇక్కడ పన్ను పడకపోయినా, అది ఆదాయమే. పౌండ్లలోకి మార్చడానికి బ్యాంకు తీసుకునే కమీషన్ మాత్రం తీసేస్తారు. ఆ రసీదులు దాచుకోండి. హైదరాబాద్‌లో ఫ్లాటు మీ పేరున ఉంటే అది ఆదాయం కిందికి కాదు, ఆస్తి కిందికి వస్తుంది. దాని విలువ 16,000 పౌండ్లు దాటకుండా ఉండటం ఈరోజుల్లో అరుదు.

పిల్లల దగ్గరికి డిపెండెంట్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు ఇక్కడే ఆగండి. హౌసింగ్ బెనిఫిట్, పెన్షన్ క్రెడిట్ రెండూ పబ్లిక్ ఫండ్స్ (చాలా వీసాల మీద తీసుకోకూడని ప్రభుత్వ సాయాలు) కిందికి వస్తాయి. పోషణ హామీ పత్రం మీద వచ్చినవారికి ఐదేళ్లు దారి మూసే ఉంటుంది. వీసా షరతు చూసుకోకుండా ఫారం నింపితే పోయేది అద్దె సాయం ఒక్కటే కాదు.

లెక్క: ఒక మనిషి, ఒక వారం

మన ఉదాహరణలో 68 ఏళ్ల పెద్దావిడ ఒంటరిగా ఇంగ్లండ్‌లో హౌసింగ్ అసోసియేషన్ ఇంట్లో ఉంటుంది. సాయం కింద లెక్కకొచ్చే అద్దె వారానికి 120 పౌండ్లు. హీటింగ్, నీళ్ల ఖర్చు అద్దెలో కలిసి ఉంటే అవి ముందే తీసేయాలి. అది మొదటి పాఠంలో చూశాం. పూర్తి కొత్త స్టేట్ పెన్షన్ వారానికి 230.25. కంపెనీ పెన్షన్ నెలకు 390. పొదుపు 12,300.

మొదటి మెట్టు, అన్నిటినీ వారానికి మార్చడం. స్టేట్ పెన్షన్ నాలుగు వారాలకోసారి 921 పౌండ్లుగా పడుతుంది, నాలుగుతో భాగించండి. కంపెనీ పెన్షన్ నెలకోసారి పడుతుంది. 12తో గుణించి 52తో భాగించండి, 90 పౌండ్లు వస్తుంది. నెల మొత్తాన్ని నాలుగుతో భాగించకండి. అలా చేస్తే 97.50 వస్తుంది, లేని ఏడున్నర పౌండ్ల ఆదాయం పుట్టుకొస్తుంది, దాంతో, కింద నాలుగో మెట్టులో వచ్చే 65 శాతం కోత ప్రకారం, వారానికి 4.88 పౌండ్ల సాయం పోతుంది. తప్పు రెండో వైపు నుంచి జరిగితే ఇంకా చెడ్డది: నాలుగు వారాల 921ని నెల మొత్తం అనుకుంటే వారానికి 212.54 అవుతుంది. ఆదాయం తక్కువ కనబడి సాయం ఎక్కువ వస్తుంది, తర్వాత ఎప్పుడో వెనక్కి కట్టమంటూ ఉత్తరం వస్తుంది.

రెండో మెట్టు పన్ను. దీన్ని వారానికి కాదు, ఏడాదికి లెక్కగట్టాలి.

స్టేట్ పెన్షన్ ఏడాదికి: 230.25 × 52 = 11,973
కంపెనీ పెన్షన్: 390 × 12 = 4,680
మొత్తం: 16,653
పర్సనల్ అలవెన్స్ (పన్ను పడని భాగం): 12,570
పన్ను పడే భాగం: 4,083
20 శాతం పన్ను: 816.60
వారానికి: 15.70

హెచ్ఎంఆర్‌సీ కాగితంలో స్టేట్ పెన్షన్ అంకె దీనికి కొన్ని పౌండ్లు అటూఇటూగా ఉంటే కంగారు అక్కర్లేదు. స్కాట్లాండ్‌లో ఉండేవారికి మొదటి కొద్ది భాగం మీద 19 శాతమే, కాబట్టి వారి పన్ను కాస్త తగ్గుతుంది. హౌసింగ్ బెనిఫిట్ లెక్క అక్కడా ఇదే.

మూడో మెట్టు: 230.25 + 90 = 320.25. పన్ను 15.70 తీస్తే 304.55. పొదుపు మీద లెక్కగట్టే ఆదాయం: 2,300ని 500తో భాగిస్తే 4.6, అంటే 5 పౌండ్లు. మొత్తం 309.55.

నాలుగో మెట్టు గీత. కౌన్సిల్ భాషలో దీన్ని అప్లికబుల్ అమౌంట్ అంటారు, ఈ మనిషి బతకడానికి వారానికి ఇంత కావాలని చట్టం గీసిన గీత. 2021 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ పెన్షన్ వయసుకు చేరిన ఒంటరి మనిషికి 227.10. అంతకుముందే చేరినవారికి గీత కాస్త పైన ఉంటుంది. ఫారంలో పుట్టినతేదీ తప్పు పడితే ఆ తేడా చప్పుడు లేకుండా పోతుంది.

గీత దాటిన ఆదాయం: 309.55 – 227.10 = 82.45
అందులో 65 శాతం కోత: 53.59
సాయం: 120 – 53.59 = వారానికి 66.41

కౌన్సిల్ పన్ను తీయకుండా లెక్కగడితే ఏమయ్యేదో ఇప్పుడు చూడండి. గీత దాటింది 98.15 అయ్యేది, కోత 63.80, సాయం 56.20. వారానికి 10.21 తేడా, ఏడాదికి 530 పౌండ్లు పైచిలుకు. ఆ డబ్బు ఎవరూ దొంగిలించరు, ఎవరూ గమనించరు కూడా.

పన్ను ఎందుకు కనబడకుండా పోతుంది

హౌసింగ్ బెనిఫిట్ నియమం తీసేయమనేది చెల్లించాల్సిన పన్నుని. ఈ నెల స్లిప్పులో కోసిన పన్నుని కాదు. మాట దగ్గరదగ్గరగా ఉన్నా తేడా పెద్దది.

డీడబ్ల్యూపీ స్టేట్ పెన్షన్ ఇచ్చేటప్పుడు పన్ను కోయదు. పన్ను పడే ఆదాయమే అయినా మొత్తం చేతికిస్తుంది. దాని వాటా పన్నుని కూడా హెచ్ఎంఆర్‌సీ కంపెనీ పెన్షన్ మీద నుంచే లాగుతుంది. పైన పెద్దావిడ అలవెన్స్ 12,570లో 11,973 స్టేట్ పెన్షనే తినేసింది. మిగిలింది 597. అందుకే ఆమె కంపెనీ పెన్షన్ టాక్స్ కోడ్ (ఎంత ఆదాయాన్ని పన్ను లేకుండా వదలాలో చెప్పే గుర్తు) 59ఎల్ అని ఉండాలి. చివరి అంకె తీసేసి రాస్తారు. నెలకు 390లో దాదాపు 68 పౌండ్లు కోస్తారు. స్లిప్పు చూసి "ఇంత చిన్న పెన్షన్‌కి ఇంత పన్నా?" అని గుండె గుభేల్‌మనడం సహజం. అది రెండు పెన్షన్ల పన్ను, ఒకేచోట కోశారు.

కోడ్ సరిగ్గా ఉంటే స్లిప్పులో పన్ను, నిజమైన పన్ను ఒకటే. కోడ్ తప్పితే మూడు రకాలుగా బెడిసికొడుతుంది.

కోడ్ 1257ఎల్ అని పడితే, స్టేట్ పెన్షన్ ఉందన్న సంగతి హెచ్ఎంఆర్‌సీ కోడ్‌లోకి ఇంకా రాలేదని అర్థం. స్లిప్పులో పన్ను సున్నా. కౌన్సిల్ అధికారి సున్నా చూసి సున్నా తీస్తాడు. వారానికి 10.21 అక్కడే పోతుంది. ఏడాది తర్వాత 816.60 పన్ను బకాయి ఉత్తరం మళ్లీ మీ ఇంటికే వస్తుంది. రెండు దెబ్బలూ ఒకే మనిషికి.

కోడ్ బీఆర్ అని పడితే మొత్తం 390 మీద 20 శాతం, అంటే 78 పౌండ్లు కోస్తారు. ఇక్కడ చెల్లించాల్సినదానికంటే ఎక్కువ పోతోంది. కౌన్సిల్ స్లిప్పునే నమ్మితే ఆదాయం తక్కువగా కనబడి సాయం కొద్దిగా ఎక్కువ వస్తుంది. లాభమని మురిసిపోవద్దు: హెచ్ఎంఆర్‌సీ అదనపు పన్ను తిరిగి ఇచ్చిననాడు కౌన్సిల్ పాత వారాలను తిరగతోడవచ్చు.

కోడ్ పక్కన ఎం1 కనబడితే ఆ నెలను మాత్రమే విడిగా చూసి పన్ను వేశారని. పెన్షన్ మొదలైన మొదటి నెలల్లో ఇది మామూలే. ఆ స్లిప్పులను కౌన్సిల్‌కి ఆధారంగా పంపకపోవడం మేలు, లేదా పంపినా "ఇది తాత్కాలిక కోడ్" అని ఒక వాక్యం రాసి పంపండి.

కంపెనీ పెన్షనే లేనివాళ్ల సంగతి వేరు. స్టేట్ పెన్షన్, పాత అదనపు పెన్షన్, వాయిదా వేసుకున్నందుకు వచ్చే పెంపు కలిసి 12,570 దాటితే కోయడానికి స్లిప్పే లేదు. హెచ్ఎంఆర్‌సీ సింపుల్ అసెస్‌మెంట్ అనే ఉత్తరం పంపుతుంది. మామూలుగా పన్ను సంవత్సరం ముగిశాక వచ్చే జనవరి 31లోపు కట్టాలి. ఇలాంటివారి పన్నుని కౌన్సిల్ తనంతట తాను కనిపెట్టే దారి లేదు. ఆ ఉత్తరం నకలు ఇవ్వాలి, ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి.

కాబట్టి కౌన్సిల్‌కి పంపాల్సిన కాగితాల్లో పెన్షన్ స్లిప్పుకంటే టాక్స్ కోడింగ్ నోటీసు (మీ కోడ్ ఎలా వచ్చిందో చూపే హెచ్ఎంఆర్‌సీ ఉత్తరం) ముఖ్యం. అది ఏప్రిల్‌కి ముందు నెలల్లో ఇంటికొస్తుంది, హెచ్ఎంఆర్‌సీ ఆన్‌లైన్ ఖాతాలోనూ కనబడుతుంది. దాంట్లో స్టేట్ పెన్షన్ అని ఒక వరుస ఉంటుంది. అక్కడి అంకె మీ నిజమైన స్టేట్ పెన్షన్‌కి దగ్గరగా ఉందా అన్నదే చూడాల్సింది. పీ60 (ఏడాది మొత్తం పెన్షన్, కోసిన పన్ను చూపే కాగితం) మే నెలాఖరులోగా వస్తుంది, అది నిరుటి లెక్క; ఈ ఏటి సాయానికి దాన్ని ఒక్కదాన్నే పంపితే పాత అంకెతో లెక్క జరుగుతుంది.

ఒక పౌండు ఎక్కువ వస్తే చేతికెంత

పెన్షన్‌లో ఒక పౌండు పెరిగిందనుకోండి. పన్ను 20 పెన్స్. మిగిలిన 80 పెన్స్‌లో 65 శాతం, అంటే 52 పెన్స్, హౌసింగ్ బెనిఫిట్ కోతకి పోతుంది. చేతిలో 28 పెన్స్. ఇంగ్లండ్‌లో పెన్షన్ వయసువారి కౌన్సిల్ టాక్స్ రిడక్షన్‌కి (ఇంటి మీద కౌన్సిల్ వేసే పన్నులో తగ్గింపుకి) కూడా ఇలాంటి కోతే ఉంది, 20 శాతం. దానికి ఇంకో 16 పెన్స్. చివరికి మిగిలేది 12 పెన్స్.

కాబట్టి పెన్షన్ కుండలోంచి ప్రతి నెలా కాస్త ఎక్కువ తీసుకుందామనుకునేవారు ఈ లెక్క వేసుకోకుండా ఫారం మీద సంతకం పెట్టకూడదు. ఏడాదికి 1,000 పౌండ్లు అదనంగా తీస్తే నిజంగా పెరిగేది 120. మిగతా 880 ఇచ్చినచేతుల్లోకే తిరిగి వెళ్లింది. ఇది పన్ను సలహాదారులు చాలామంది చూడని లెక్క, వాళ్ల చూపు 20 శాతం దగ్గరే ఆగిపోతుంది.

ఇదే తర్కం తిరగేస్తే మ్యారేజ్ అలవెన్స్ (వాడుకోని అలవెన్స్‌లో కొంత భార్యాభర్తల్లో ఒకరు ఇంకొకరికి బదిలీ చేయడం) దగ్గర కూడా నిరాశే. ఒక జంటని తీసుకుందాం, ఇద్దరూ 2021 ఏప్రిల్ తర్వాతే పెన్షన్ వయసుకు చేరినవారు. గీత 346.60. ఆయన స్టేట్ పెన్షన్ 230.25, ఆవిడది 120. ఆయన కంపెనీ పెన్షన్ నెలకు 500, వారానికి 115.38. ఆయన పన్ను 1,080.60. ఆవిడ ఆదాయం అలవెన్స్‌కి చాలా కింద ఉంది కాబట్టి 1,260 ఆయనకి బదిలీ చేస్తే పన్ను 252 తగ్గి 828.60 అవుతుంది, వారానికి 15.93.

465.63 – 15.93 = 449.70
గీత దాటింది: 103.10, కోత: 67.02
లెక్కకొచ్చే అద్దె 140 అయితే సాయం 72.98

పన్నులో మిగిలిన 252లో 65 శాతం సాయం కోతకి పోయింది. జంటకి దక్కింది ఏడాదికి 88 పౌండ్లు. అయినా అప్లై చేయాలి, 88 ఊరికే రాదు. కానీ "252 వస్తుంది" అని ఖర్చు రాసుకోవద్దు, పన్ను తగ్గిన సంగతి కౌన్సిల్‌కి చెప్పడం మరవద్దు. ఇంకో సంగతి కూడా ఈ ఉదాహరణలోనే ఉంది: పన్ను ఎవరిది వారికి, సాయం మాత్రం ఇద్దరి ఆదాయం కలిపి. ఆవిడ వాడుకోని అలవెన్స్ ఆయన పెన్షన్‌కి దానంతటదే అతుక్కోదు.

జంటలో ఒకరే పెన్షన్ వయసు దాటి ఉంటే ఈ పాఠం మీకు కాదు. 2019 మే 15 నుంచి అలాంటివారి కొత్త దరఖాస్తులు యూనివర్సల్ క్రెడిట్‌కి (పెన్షన్ వయసు లోపువారి సాయానికి) వెళతాయి. పెన్షన్ వయసు కూడా కదులుతోంది: 1960 ఏప్రిల్ 6, ఆ తర్వాత పుట్టినవారికి 66 నుంచి మెల్లగా 67 వైపు.

గీత పక్కనే ఉన్న తలుపు

పూర్తి కొత్త స్టేట్ పెన్షన్ 230.25. గ్యారంటీ పెన్షన్ క్రెడిట్ (ఆదాయాన్ని గీతదాకా నింపే పెన్షన్ క్రెడిట్ భాగం) గీత 227.10. మూడు పౌండ్ల పదిహేను పెన్స్ తేడాతో చాలామంది ఆ తలుపు దగ్గరే ఆగిపోతారు. కానీ గీత అందరికీ ఒకచోటే ఉండదు.

మన పెద్దావిడకి అటెండెన్స్ అలవెన్స్ వచ్చిందనుకుందాం. తక్కువ రేటు 73.90, ఎక్కువ రేటు 110.40; ఏదైనా సరే, ఆదాయంలోకి రాదు. ఆమె ఒంటరిగా ఉంటోంది, ఆమెను చూసుకుంటున్నందుకు ఎవరూ కేరర్స్ అలవెన్స్ (సంరక్షకుల భత్యం) తీసుకోవడం లేదు. అప్పుడు గీతకి 82.90 అదనంగా చేరుతుంది: 227.10 + 82.90 = 310.

ఆమె ఆదాయం గుర్తుందా? 309.55. గీత కింద 45 పెన్స్. పెన్షన్ క్రెడిట్‌లోనూ చెల్లించాల్సిన పన్ను తీసేశాకే ఆదాయం కాబట్టి ఆమెకి వారానికి 45 పెన్స్ గ్యారంటీ క్రెడిట్ వస్తుంది. నవ్వొచ్చే అంకె. కానీ అది చేతిలో ఉంటే కౌన్సిల్ ఇక ఆమె ఆదాయం, పొదుపు చూడదు. అద్దె 120 మొత్తం వస్తుంది, కౌన్సిల్ టాక్స్ రిడక్షన్ కూడా కోత లేకుండా వస్తుంది, ఎన్‌హెచ్ఎస్ పంటి వైద్యం ఉచితం. పొదుపుకి 16,000 అడ్డుగోడ కూడా పెన్షన్ క్రెడిట్‌లో లేదు, ఐదు వందలకో పౌండు లెక్క ఒక్కటే. పన్ను 15.70ని తీయడం మరిచిపోతే ఆదాయం 325.25, తలుపు మూసినట్టే.

అలవెన్స్ మంజూరు ఉత్తరం రాగానే పెన్షన్ క్రెడిట్‌కి మళ్లీ దరఖాస్తు పెట్టండి. పాత తిరస్కరణ పాత గీత మీద జరిగింది. పెన్షన్ క్రెడిట్, పెన్షన్ వయసువారి హౌసింగ్ బెనిఫిట్ రెండూ అర్హత ఉంటే మామూలుగా మూడు నెలలు వెనక్కి వస్తాయి.

కౌన్సిల్ నిర్ణయం తప్పనిపిస్తే ఉత్తరం తేదీ నుంచి ఒక నెల. "నా లెక్క సరిగా లేదు" అని రాస్తే వారాలు గడుస్తాయి. "వారానికి 15.70 చెల్లించాల్సిన పన్ను తీయలేదు, కోడింగ్ నోటీసు జతచేశాను, సరైన సాయం 66.41" అని రాయండి.

అభ్యాసం

ఇంగ్లండ్‌లో ఒంటరిగా ఉండే ఒకాయన 2022లో పెన్షన్ వయసుకు చేరారు. స్టేట్ పెన్షన్ నాలుగు వారాలకు 760. కంపెనీ పెన్షన్ నెలకు 325, స్లిప్పులో కోడ్ బీఆర్, పన్ను 65. పొదుపు 9,400. లెక్కకొచ్చే అద్దె వారానికి 110. ఒకటి, ఏడాదికి నిజంగా చెల్లించాల్సిన పన్ను ఎంత? రెండు, ఆ పన్నుతో సాయం ఎంత? మూడు, కౌన్సిల్ స్లిప్పులోని 65నే నమ్మితే సాయం ఎంత చూపిస్తుంది, ఆ తేడా ఎవరు ఎవరికి తిరిగి ఇవ్వాల్సి వస్తుంది? నాలుగు, హెచ్ఎంఆర్‌సీ తిరిగి ఇచ్చే డబ్బు ఆయన బ్యాంకులో పడ్డాక పొదుపు 10,000 దాటుతుందా?

జవాబులు నాలుగో పాఠంలో. అందులో ఇంట్లో ఉండే పెద్ద పిల్లల వల్ల పడే కోతల సంగతి చూద్దాం.